తీర్పులకు పార్టీ జెండాలు కడుతున్నారు, మనం చదివి మాట్లాడదాం

పోస్టు కొంచెం పెద్దదే. ఓపికతో చివరిదాకా చదివి, ఆ తర్వాతే కామెంట్ పెట్టండి.

మేం హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్లలం. మాలో చాలామంది ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. కోయ, గోండు, లంబాడా, నాయకపోడు, కొలాం పిల్లలం ఒకే మెస్‌లో తింటున్నాం. ఈమధ్య మా దగ్గర రాత్రిపూట ఎక్కువ వాదన జరుగుతున్నది సినిమాల మీద కాదు, సుప్రీంకోర్టు మీద. తీర్పు రాగానే ఫోన్లలో కార్డులు వచ్చి పడతాయి. ఒక పార్టీ వాళ్లది "చారిత్రక తీర్పు" అంటుంది, ఇంకో పార్టీ వాళ్లది "కుట్ర" అంటుంది. తీర్పులో అసలేం రాశారని అడిగితే మాత్రం రెండు వైపులా జవాబు ఉండదు. మా మాట ఒక్కటే. ఢిల్లీలో వచ్చే తీర్పు మన పోడు మీద, మన టీచర్ పోస్టు మీద, మన కేసు మీద పడుతుంది. అట్లాంటి దాన్ని పార్టీలు చెప్పినట్టు వింటే నష్టపోయేది మనమే.

2025 ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో జరిగింది గుర్తు చేసుకుందాం. ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో ప్రతిపక్షాలు రిటైర్డ్ సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారిని నిలబెట్టాయి. మన రాష్ట్రంలోనేమో "తెలుగువాడికి తెలుగు పార్టీలు ఓటెయ్యాలి" అనే మాట నడిచింది. కేంద్ర హోంమంత్రి అమిత్ షా గారు సల్వా జుడుం తీర్పును ముందుకు తెచ్చి, ఆ తీర్పు రాకపోయి ఉంటే 2020కి ముందే నక్సలిజం అయిపోయేదని అన్నారు. దానికి సుదర్శన్ రెడ్డి గారు, అది తన సొంత తీర్పు కాదు, సుప్రీంకోర్టు తీర్పు, నలభై పేజీలు చదివి ఉంటే ఆ మాట అనేవారు కాదు అన్నారు. పద్దెనిమిది మంది రిటైర్డ్ జడ్జీలు హోంమంత్రి మాటను తప్పుబడుతూ ప్రకటన ఇచ్చారు. వెంటనే యాభై ఆరు మంది రిటైర్డ్ జడ్జీలు ఆ ప్రకటననే తప్పుబడుతూ ఇంకోటి ఇచ్చారు. టీవీల్లో వారం రోజులు ఇదే. ఒకరేమో తెలుగు గౌరవం, ఒకరేమో దేశ భద్రత. ఓట్లు పడ్డాయి, 452కి 300తో ఎన్డీయే అభ్యర్థి గెలిచారు, చర్చ అక్కడితో ఆగిపోయింది.

ఆ వారం రోజుల చర్చల్లో ఆదివాసీ ఎక్కడున్నాడు? ఆ తీర్పు ఎవరి గురించి వచ్చిందో ఎంతమంది మాట్లాడారు?

ఆ తీర్పు వచ్చింది 2011 జూలై 5న. జస్టిస్ సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇద్దరి బెంచ్. కేసు వేసిన వాళ్లు ప్రొఫెసర్ నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, మన తెలుగు రిటైర్డ్ ఐఏఎస్ ఇ.ఎ.ఎస్. శర్మ గారు. కోర్టు ముందున్న ప్రశ్న మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. ఐదో తరగతి చదివితే చాలని చెప్పి, నెలకు మూడు వేల రూపాయలిచ్చి, ఆదివాసీ పిల్లగాళ్ల చేతికి తుపాకీ ఇచ్చి, స్పెషల్ పోలీస్ ఆఫీసర్ అని పేరు పెట్టి, సాయుధ పోరాటం ముందు నిలబెట్టవచ్చా? కోర్టు వద్దంది. అది 14, 21 ఆర్టికల్స్‌కు విరుద్ధం అంది. అంటే అందరికీ సమానంగా దక్కాల్సిన హక్కు, బతికే హక్కు వాళ్లకీ ఉన్నాయని చెప్పింది. చనిపోయే పని ఆదివాసీకే ఎందుకు చౌకగా ఇస్తున్నారన్నదే అందులో అసలు సంగతి.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. ఆ రోజుల్లో దంతెవాడ, బీజాపూర్ వైపు నుంచి ఊర్లు వదిలి గోదావరి దాటి వచ్చిన కుటుంబాలు ఇప్పటికీ భద్రాచలం, ములుగు అడవుల్లో ఉన్నాయి. గుత్తికోయలు అని మనం పిలిచేది వాళ్లనే. ఆ గుడిసెల్లో కరెంటు లేదు, చాలామందికి కుల సర్టిఫికెట్ కూడా లేదు. సల్వా జుడుం మీద టీవీలో అంత గొడవ జరిగినప్పుడు ఒక్క కెమెరా అయినా ఆ గుడిసెల దాకా పోయి ఉంటే చర్చ వేరేగా ఉండేది.

ఇంకో సంగతి కూడా చూడాలి. సల్వా జుడుంకు ముందు నిలబడి నడిపిన నాయకుడు మహేంద్ర కర్మ కాంగ్రెస్ వాడు. అప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది బీజేపీ ప్రభుత్వం. కేంద్రంలో ఉన్నది కాంగ్రెస్ నడిపిన యూపీఏ ప్రభుత్వం, ఎస్పీవోల గౌరవ వేతనం డబ్బు వెనక్కి ఇచ్చింది ఆ కేంద్రమే. అంటే కోర్టు తప్పు పట్టిన పనిలో రెండు పెద్ద పార్టీల చెయ్యీ ఉంది. 2025కి వచ్చేసరికి ఒక పార్టీ ఆ జడ్జి గారిని పొగుడుతోంది, ఇంకో పార్టీ నిందిస్తోంది. రెండూ తమ పాత పని గురించి మాట్లాడవు. తీర్పు వచ్చిన ఏడాదే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కొత్త చట్టం చేసి అదే ఎస్పీవోలను సహాయక సాయుధ దళంగా మార్చింది. అది కోర్టు ధిక్కారం కాదా అని వేసిన పిటిషన్ 2025 మేలో ముగిసింది. చట్టసభ చట్టం చేయడం ధిక్కారం కాదని కోర్టు చెప్పింది. అంటే పద్నాలుగేళ్లలో తీర్పు చుట్టూ రాజకీయం మారింది, పార్టీల మాట మారింది. తుపాకీ పట్టిన పిల్లగాడి బతుకు మాత్రం మారలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మా హాస్టల్‌లోనూ వచ్చింది. కోర్టు జనం మాట వినాలా, వద్దా?

"జనం మాట వినని కోర్టు ఎందుకు?" అని కొందరన్నారు. వినడానికి బాగుంటుంది. కానీ 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మనం 8.6 శాతం. ఎక్కువమంది అభిప్రాయం ప్రకారమే తీర్పు ఇవ్వాలంటే ప్రతి కేసులోనూ మనం ఓడిపోతాం. అడవిలో గని తవ్వితే ఉద్యోగాలు వస్తాయని పట్నంలో ఓటింగ్ పెడితే ఏమవుతుంది? 1997 జూలైలో సమత తీర్పు వచ్చినప్పుడు అట్లా ఓటింగ్ పెట్టలేదు కాబట్టే అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు భూమి నిలబడింది. షెడ్యూల్డ్ ఏరియాలో ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజు ఇవ్వడానికి లేదని ఇద్దరు జడ్జీలు అన్నారు, ఒకరు ఒప్పుకోలేదు. రెండుకు ఒకటి. అంత సన్నని దారం మీద నిలబడిన హక్కు అది. తక్కువ మంది ఉన్నవాళ్లకు గుంపుకు భయపడని కోర్టు కావాలి. గుంపు అంటే ఎప్పుడూ మనమే కాదు, మన ఎదురుగా ఉన్నది కూడా గుంపే.

మరి బంద్‌లు చేసి సాధించుకున్నది లేదా అంటారు. ఉంది. 2018 మార్చి 20న అట్రాసిటీ చట్టం మీద ఇద్దరు జడ్జీల తీర్పు వచ్చింది. అరెస్టుకు ముందు అనుమతి కావాలి, ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చు అని అందులో చెప్పారు. ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిగింది. ఉత్తరాది రాష్ట్రాల్లో ప్రాణాలు కూడా పోయాయి. ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చి చట్టాన్ని సవరించింది. 2019 అక్టోబర్ 1న ముగ్గురు జడ్జీల బెంచ్ పాత తీర్పులోని ఆ ఆదేశాలను వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో సవరణ కూడా చెల్లుతుందని చెప్పింది.

దీన్ని చాలామంది "కోర్టును జనం వంచారు" అని చెప్పుకుంటారు. మేం అట్లా అనుకోవడం లేదు. జనం వంచింది పార్లమెంటును. ఎన్నికలకు ఏడాది ముందు ఏ పార్టీకీ ఎదురు చెప్పే ధైర్యం లేకుండా చేశారు. చట్టం మారాక కోర్టు ఆ చట్టాన్ని రాజ్యాంగంతో తూచి చూసింది. దారి ఇదే. ఒత్తిడి పెట్టాల్సింది ఓటు అడిగే వాళ్ల మీద. జడ్జి ఓటు అడగడు, అడగకూడదు కూడా.

2019 ఫిబ్రవరిలో కూడా ఇట్లాంటిదే. అటవీ హక్కుల చట్టం కింద క్లెయిమ్ తిరస్కరించిన వాళ్లను ఖాళీ చేయించాలని 13వ తేదీన సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. దేశం మొత్తం మీద పది లక్షలకు పైగా కుటుంబాల మాట అది. కేంద్రం తరఫున గట్టిగా వాదించలేదన్న విమర్శ అప్పుడే వచ్చింది. గొడవ పెరిగింది, ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి, కేంద్రమే మళ్లీ కోర్టుకు పోయి ఆపమని అడిగింది. 28న ఆ ఆదేశాన్ని కోర్టు నిలిపివేసింది. పదిహేను రోజులు. ఆ పదిహేను రోజుల్లో మన తల్లిదండ్రులు పోడు దగ్గరికి పోవడానికి కూడా భయపడ్డారు. తప్పు కోర్టుదని తిట్టి ఊరుకుంటే, మన తరఫున నోరు విప్పాల్సిన ప్రభుత్వం తప్పించుకున్నట్టే. చట్టం చేసింది పార్లమెంటు, దాన్ని కోర్టులో కాపాడాల్సింది ప్రభుత్వం. లాయర్ ఏం వాదించాడో, అఫిడవిట్‌లో ఏం రాశారో కూడా రాజకీయమే. మనం అడగాల్సింది అది.

ఇప్పుడు మన కడుపు మీద పడ్డ తీర్పుకు వద్దాం. జీవో 3. బీఎడ్, డీఎడ్ చేస్తున్న అక్కలు, అన్నలు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు, వాళ్లకు చెప్పక్కర్లేదు. 2000 జనవరిలో వచ్చిన ఆ జీవోతో షెడ్యూల్డ్ ఏరియాలో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే. మైదానం నుంచి వచ్చిన సార్లు వారానికి రెండు రోజులు వచ్చి సంతకం పెట్టి పోయే రోజుల్లో పుట్టిన జీవో అది. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్‌లో అందరం ఇళ్లలో ఉన్నప్పుడు, ఐదుగురు జడ్జీల బెంచ్ దాన్ని కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ చెల్లదంది. అప్పటికే ఉద్యోగంలో ఉన్న వాళ్లను మాత్రం షరతులతో కాపాడింది. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిసి ఐదు లక్షలు ఖర్చుల కింద కట్టాలని కూడా చెప్పింది.

ఆ తీర్పులో ఆదివాసీ సంస్కృతి గురించి వాడిన మాటలు మాకు నచ్చలేదు. చదువుతుంటే మనసు కష్టమైంది. మన సంస్కృతి ఏదో వెనకబడినది, అందులోంచి మనల్ని బయటికి లాగాలి అన్నట్టు ఉంది. తీర్పును విమర్శించే హక్కు మనకుంది. 1971 కోర్టు ధిక్కార చట్టంలో ఐదో సెక్షనే న్యాయమైన విమర్శ ధిక్కారం కాదని చెబుతుంది. కాబట్టి భయపడకుండా చెబుతున్నాం, ఆ తీర్పు ఏజెన్సీ బడి ఎట్లా ఉంటుందో చూడలేదు. కోయ మాట్లాడే పిల్ల ఒకటో తరగతిలో తెలుగు సార్ ముందు ఎందుకు మూగగా కూర్చుంటుందో అందులో లేదు.

కానీ అక్కడే ఆగితే పార్టీలకు సుఖం. తీర్పు వచ్చినప్పటి నుంచి ప్రతి ఎన్నికలో "జీవో 3 తెస్తాం" అంటున్నారు. గెలిచాక "కోర్టు విషయం కదా" అంటున్నారు. ముందు నుంచి జరిగింది చూడండి. 1986లో 275 నంబరు జీవో వచ్చింది, ట్రైబ్యునల్ కొట్టేసింది. 2000లో మళ్లీ అదే పనిని జీవోతోనే చేశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో తెలుగుదేశం పాలించింది, కాంగ్రెస్ పాలించింది, టీఆర్ఎస్ పాలించింది, వైసీపీ పాలించింది. ఎవరూ దాన్ని ఐదో షెడ్యూల్ కింద రెగ్యులేషన్‌గా మార్చలేదు. పక్కనే 1/70 ఉంది. అది రెగ్యులేషన్, రాష్ట్రపతి ఆమోదం ఉన్నది. సుప్రీంకోర్టు దాకా పోయి 1988లో పి. రామిరెడ్డి కేసులో గెలిచి వచ్చింది. రెగ్యులేషన్ చేసి ఉంటే జీవో 3 కచ్చితంగా నిలబడేదని మేం అనం. కోర్టు అభ్యంతరం నూరు శాతం మీద కూడా ఉంది. కానీ గట్టి లెక్కలతో, భాష కారణంతో, ట్రైబల్ అడ్వైజరీ కౌన్సిల్ చర్చతో, కొంచెం తక్కువ శాతంతో ఒక రెగ్యులేషన్ రాసి పంపడానికి ఎవరు అడ్డుపడ్డారు? 2024లో తెలంగాణలో 11,062 పోస్టుల డీఎస్సీ అయ్యింది. 2025లో ఆంధ్రలో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ అయ్యింది. రెండు చోట్లా రెండు వేర్వేరు పార్టీలు, ఏజెన్సీ పిల్లలకు చెప్పిన జవాబు మాత్రం ఒక్కటే.

కోర్టు మీద నమ్మకం తగ్గడానికి జడ్జీల వైపు నుంచి కూడా కారణాలున్నాయి, దాచక్కర్లేదు. 2018 జనవరి 12న నలుగురు సీనియర్ జడ్జీలే ప్రెస్ మీట్ పెట్టి కేసుల కేటాయింపు మీద బాధ చెప్పుకున్నారు. వాళ్లలో ఒకరైన జస్టిస్ రంజన్ గొగోయ్ తర్వాత చీఫ్ జస్టిస్ అయి, రిటైరై, కొన్ని నెలలకే 2020లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు. జస్టిస్ అబ్దుల్ నజీర్ గారు 2023 జనవరిలో రిటైరై ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా నియమితులయ్యారు. చట్టం దీన్ని ఆపదు. కానీ ఐదో షెడ్యూల్‌లో మన కోసం ప్రత్యేక అధికారాలున్నది గవర్నర్‌కే. ఆ కుర్చీలో ఎవరున్నా కేంద్రం పెట్టిన మనిషే. రిటైర్ అయిన జడ్జి కొన్నేళ్లు ఏ ప్రభుత్వ పదవీ, ఏ పార్టీ టికెట్టూ తీసుకోకుండా ఉంటే మంచిదని మా అభిప్రాయం. అది అధికార పక్షం ఇచ్చే గవర్నర్ పదవికీ వర్తించాలి, ప్రతిపక్షం నిలబెట్టే అభ్యర్థిత్వానికీ వర్తించాలి. మనకు నచ్చిన తీర్పు ఇచ్చిన జడ్జికి ఒక రూలు, నచ్చని తీర్పు ఇచ్చిన జడ్జికి ఒక రూలు పెట్టకూడదు.

ఇంకా, 2018 నుంచి హైకోర్టుల్లో నియమించిన జడ్జీల్లో ఎస్టీలు వందకు సుమారు ఇద్దరే అని కేంద్రం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కలే చెబుతున్నాయి. కొలీజియం బాగుందా, 2015లో కొట్టేసిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్ బాగుండేదా అని పార్టీలు కొట్లాడుతుంటాయి. ఆ రెండింట్లో ఏదున్నా మన బిడ్డ ఆ బల్ల మీద ఎప్పుడు కూర్చుంటుందని ఎవరూ కొట్లాడరు.

ఇక అందరం పక్కకు తోస్తున్న విషయం. రాయకుండా ఉంటే ఈ పోస్టుకు అర్థం లేదు. ఎస్టీ జాబితాలో లంబాడాలు ఉండాలా వద్దా అన్న గొడవ 2025లో సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ రోజు నుంచి మా మెస్‌లో కూడా బల్లలు వేరయ్యాయి. నిన్నటిదాకా ఒకే సబ్బు వాడుకున్న వాళ్లు స్టేటస్‌లు పెట్టుకుని తిట్టుకుంటున్నారు. ఆదివాసీ తమ్ముళ్ల బాధ నిజం. ఉద్యోగాల్లో, సీట్లలో తమ వాటా పోతోందన్న లెక్క వాళ్లకుంది. లంబాడా తమ్ముళ్ల భయమూ నిజం. తండాలో మొదటిసారి డిగ్రీకి వచ్చిన పిల్లకు రేపు సర్టిఫికెట్ ఉంటుందో ఉండదో అన్న భయం అది. రెండు బాధల్నీ తూకం వేసే త్రాసు మా దగ్గర లేదు.

కానీ చట్టం ఏం చెబుతుందో మాత్రం అందరం తెలుసుకోవచ్చు. 342 ఆర్టికల్ ప్రకారం ఆ జాబితాలో చేర్చాలన్నా, తీసేయాలన్నా పార్లమెంటు చట్టం చేయాలి. 2000లో మిలింద్ కేసులో ఐదుగురు జడ్జీల బెంచ్ కూడా జాబితాను కోర్టులు మార్చడానికి వీల్లేదని చెప్పింది. తెలంగాణలో లంబాడాలు జాబితాలోకి వచ్చింది కూడా 1976 పార్లమెంటు చట్టంతోనే. అంటే నిర్ణయం ఎంపీల చేతిలో ఉంది. ఉట్నూర్‌లో ఒక మాట, మహబూబాబాద్‌లో ఒక మాట చెప్పే పార్టీలకు "కోర్టులో ఉంది కదా" అనడం ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి. జనాభా ప్రకారం వాటా పెంచాలా, లోపల విభజన చేయాలా, ఖాళీలన్నీ నింపాలా అన్న ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన వాళ్లు చెప్పకుండా, ఆ బరువంతా తీసుకెళ్లి జడ్జీల నెత్తిన పెట్టారు. మనమేమో హాస్టల్‌లో కొట్టుకుంటున్నాం.

అందుకే మా తరఫున మూడు మాటలు.

ఒకటి, తీర్పు వచ్చిన రోజు స్టేటస్ పెట్టొద్దు, తీర్పు చదువుదాం. ఇంగ్లీషు కష్టమే. సుప్రీంకోర్టు కొన్ని తీర్పులను తెలుగులో కూడా పెడుతోంది. లా చదివే సీనియర్లు ప్రతి హాస్టల్‌లో ఒకరిద్దరు ఉంటారు. ఆదివారం ఒక గంట కూర్చుంటే ఎవరు కేసు వేశారు, కోర్టు ఏం అడిగింది, ప్రభుత్వం ఏం జవాబు చెప్పింది, చివరికి ఏం ఆదేశించింది అన్న నాలుగు సంగతులు తేలుతాయి.

రెండు, తిట్టాల్సి వస్తే తీర్పును కారణాలతో తిడదాం. జడ్జి కులం, మతం, ఊరు పట్టుకుని కాదు. అట్లాంటి మాటలు మన మీద పడితే ఎట్లా ఉంటుందో మనకు తెలుసు.

మూడు, ఓటు అడగడానికి వచ్చిన వాళ్లను కోర్టు వెనక దాక్కోనివ్వొద్దు. రెగ్యులేషన్ ఎప్పుడు రాస్తారు, ట్రైబల్ అడ్వైజరీ కౌన్సిల్‌లో ఏం మాట్లాడారు, కోర్టులో మీ లాయర్ ఏమన్నాడు? ఈ మూడూ అడగండి. "కోర్టు పరిధిలో ఉంది" అన్న జవాబు వస్తే, ప్రభుత్వం పరిధిలో ఉన్నదేంటో చెప్పమని మళ్లీ అడగండి.

కోర్టు దేవుడి గుడి కాదు, పార్టీ ఆఫీసూ కాదు. అందులో మనం గెలిచిన రోజులున్నాయి, ఓడిన రోజులున్నాయి. గెలిచిన రోజు అది మనదని, ఓడిన రోజు అది వాళ్లదని చెప్పుకోవడం పార్టీలకు అలవాటు. ఆ అలవాటు మనకు అంటితే 8.6 శాతం మందిమి ఇంకా చిన్న చిన్న ముక్కలవుతాం.

ఒప్పుకోని వాళ్లు కింద రాయండి. తీర్పులో ఏ పేరా చదివి అంటున్నారో కూడా రాయండి. బూతులు పెడితే అడ్మిన్ అన్న తీసేస్తారు, ముందే చెబుతున్నాం. వచ్చే ఆదివారం నుంచి మా హాస్టల్‌లో మొదట చదవబోయేది జీవో 3 తీర్పు. దగ్గర్లో ఉన్నవాళ్లు రండి, ఏ బల్ల దగ్గరైనా కూర్చోండి.